మా అన్న గుండె, నా గోడరాత

మా అన్నకు గుండెలో స్టెంటు వేసి ఇంటికి పంపిన రోజు నేను పామిడి బజారులో ఒక చిన్న డబ్బా ఎర్ర ఎనామిల్ రంగు, ఒక కుంచె కొన్నాను. ఆ డబ్బాతో నేను చేసిన పని మా అన్న బతుకులో ఆరు నెలలు తినేసింది. ఇందులో తిట్టదగినవాళ్లు చాలామంది ఉన్నారు. అందరినీ తిడతాను. నా వంతు వచ్చినప్పుడు నన్నూ వదలను.

మాది పెన్నకు ఆవలి ఒడ్డున, పామిడి నుంచి ఆటోలో అరగంట దూరంలో ఉన్న పల్లె. అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను చదువుకుని బడిపంతులునై పామిడిలో కాపురం పెట్టాను. ఆయన నాయన వెంట గొర్రెల మందలోకి దిగి అక్కడే ఉండిపోయాడు. అరవై దాటినా పొద్దున సంగటి తిని, భుజాన కంబళి వేసుకుని, చేత దోటి పట్టుకుని బయలుదేరితే పొద్దుగూకేదాకా నడకే. దోటి అంటే కొసన కొడవలి కట్టిన పొడుగాటి కర్ర. నేల మీద గడ్డిపరక లేనప్పుడు తుమ్మకొమ్మలు కోసి గొర్రెల ముందు వేయడానికి పనికొస్తుంది. మా సీమలో నేల మీద గడ్డి ఉండే రోజులు తక్కువ, దోటి ఎత్తే రోజులే ఎక్కువ.

ఆ రోజు దోటి పైకెత్తి ఉండగానే రొమ్ములో పట్టేసింది. గ్యాసు అనుకున్నాడు. మా వైపు గుండెపోటుకు మొదటి వైద్యం సోడా. సోడా తాగి, చెట్టు కింద పడుకుని, చెమటకు కంబళి తడిసేదాకా ఎవరికీ చెప్పలేదు. పక్క మంద కాపరులు ఇద్దరు ఆయన్ను మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారు. అనంతపురంలో ఒక ఆసుపత్రిలో మణికట్టు దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి, అది మళ్లీ మూసుకోకుండా లోపల తీగల అల్లిక లాంటి చిన్న గొట్టం నిలబెట్టారు. నాలుగో రోజు ఇంటికి పొమ్మన్నారు. మనిషి బుద్ధి ఏం చేయగలదో చెప్పడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ గదిలో పనిచేసినవాళ్లతో నాకు తగాదా లేదు.

తగాదా ఆ గది బయట ఉన్న బల్ల దగ్గర మొదలవుతుంది. అక్కడ కూర్చున్న మనిషి మా వదిన చేతిలో ఒక ఫైలు పెట్టాడు. లోపల మూడు పేజీల ఇంగ్లీషు. మా వదిన వేలిముద్ర వేసే మనిషి.

“ఏం తినల్ల, ఏం చెయ్యల్ల సారూ?” అని అడిగింది.

“అంతా అందులో రాసుందమ్మా. ఎవరితోనైనా చదివించుకో” అన్నాడు తల ఎత్తకుండా.

మణికట్టులోంచి గుండెదాకా దారి కనిపెట్టిన శాస్త్రం, ఆ బల్ల మీది నుంచి మా వదిన చెవిదాకా దారి కనిపెట్టలేకపోయింది. నేను అప్పుడే అక్కడే ఆ మనిషితో గొడవ పడి ఉండాల్సింది. గొడవలకు పేరుబడ్డవాణ్ణి కదా! కానీ పడలేదు. ఎందుకంటే ఆ ఫైలు నా చేతికి రావడం నాకు బాగుంది. “నేనున్నా గదా వదినా” అన్నాను. ఆ మాటలో ఉన్న గర్వం ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నా సంగతి ఒకటి చెప్పాలి. నలభై ఏళ్లుగా నేను ఈ చుట్టుపక్కల పల్లెల గోడల మీద రాస్తూ వచ్చాను. దయ్యాలు లేవు. అంత్రాలు కడితే రోగాలు పోవు. పాము కరిస్తే ఆసుపత్రికి పో. పగలు బడి, సాయంత్రం సభ, సెలవు రోజు గోడ. సభలో ఎవరైనా లేచి అడ్డం మాట్లాడితే, మనిషి కూర్చునేదాకా వదిలేవాణ్ణి కాదు. గోడరాతకు ఒక పద్ధతి ఉంటుంది. నాలుగు మాటలకు మించకూడదు. దూరం నుంచి నడిచిపోయేవాడికి కూడా కనబడాలి. ‘అయితే’, ‘కానీ’, ‘అంతవరకు’ లాంటి మాటలకు గోడ మీద చోటుండదు. రంగూ దండగ, చోటూ దండగ.

ఆ పద్ధతిలోనే మా అన్న పంచలో, మంచానికి ఎదురుగా ఉన్న సున్నపు గోడ మీద ఆసుపత్రి కాగితాన్ని కుదించి ఐదు వరుసలు రాశాను.

బరువు ఎత్తరాదు.
ఎండలో తిరగరాదు.
గట్లు, మెట్లు ఎక్కరాదు.
ఉప్పు, నూనె ముట్టరాదు.
కోపం కూడదు.

అక్షరాలు జానెడు ఎత్తు. వదిన నాతో మూడుసార్లు చదివించుకుని కంఠతా పట్టింది. అన్న మంచం మీద నుంచి చూసి, “ఇంగేమి ఊపిరి తీసుకోవచ్చునా? అది రాయలేదు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఇంట్లో ఆ తర్వాత చాలా రోజులు నవ్వు లేదు.

ఇక పలకరింపులు. గుండెజబ్బు మనిషి మంచం పక్కన కూర్చుని, అదే జబ్బుతో చచ్చినవాళ్ల పేర్లు వరుసగా చెప్పడాన్ని మా వైపు మర్యాద అంటారు. ఒక్కొక్కరు ఒక సోడాబుడ్డి, రెండు అరటిపండ్లు తెచ్చి, ఒక చావు వదిలేసి పోయేవాళ్లు.

“మా వియ్యంకునికీ ఇట్లే స్ప్రింగు ఏసినార్లే. తుమ్మినాడంతే. జారిపోయె.”

“తుమ్ముతే జారుతాదా?” అని మా అన్న అడిగాడు.

“ఏమో అప్పా. ఆయప్ప తుమ్మినాడు, పోయినాడు. మళ్ల నీ ఇష్టం.”

మా అన్న తుమ్ము వస్తే రెండు చేతులతో రొమ్ము పట్టుకోవడం మొదలుపెట్టాడు. స్టెంటు జారదని, కొన్నాళ్లకు అది నాళపు గోడలో కలిసిపోతుందని నేను బొమ్మ గీసి చెప్పాను. బొమ్మ చూసి తల ఊపాడు. మళ్లీ తుమ్ము వచ్చింది, మళ్లీ పట్టుకున్నాడు. బంధువుల్లో కొందరు వచ్చి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. లేపాక్షి చూసొచ్చిన ఒకాయన నంది దగ్గర మొక్కానని విబూది పొట్లం ఇచ్చాడు. అందరినీ నేను ఇంట్లోంచి కదలనివ్వకుండా గంటసేపు వాదించి పంపాను. అన్న భయం ఏమిటో కూర్చుని అడిగే తీరిక మాత్రం నాకు లేదు.

అంత్రం, అంటే తాయెత్తు, కట్టే ముసలాయన వచ్చిన రోజు నేను మరీ రెచ్చిపోయాను. వదినే పిలిపించింది. ఎర్రదారంతో చుట్టిన రాగిరేకు తీసి అన్న దండచేతికి కట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

“ఈ దారం గుండెను కాపాడతాదని ఏమి రుజువు?”

ఆయన నా వైపు చూడలేదు, గోడ వైపు చూశాడు. “నువ్వు ఎర్రరంగుతో రాసినావు. నేను ఎర్రదారంతో కడ్తా. నీ రాతకు ఏమి రుజువుండాది సారూ?”

“అది డాక్టరు చెప్పింది!”

“నాకూ ఒగాయన చెప్పినాడు. నీకు చెప్పినాయన ఇంగిలీసులో చెప్పినాడు, అంతే గదా.”

వాకిట్లో ఉన్నవాళ్లు పకపక నవ్వారు. నేను రుజువు అంటే ఏమిటో, పరిశీలన అంటే ఏమిటో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. ముసలాయన రాగిరేకు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. గెలిచాననుకున్నాను. ఫైలు చూరు కింద గూటిలోనే ఉంది. తీసి ఇంకోసారి చదివి ఉంటే చాలు. గెలిచినవాడు మళ్లీ ఎందుకు చదువుతాడు?

గోడ చెప్పిందంటే మంద వెంట పోయేది లేదు. వదిన తమ్ముడు విడపనకల్లు నుంచి వచ్చాడు. మందను పాలుకు తీసుకుపోతానన్నాడు. పాలు అంటే మేపినవాడికి పుట్టిన పిల్లల్లో సగం. మా అన్న కాదనలేదు, ఔననలేదు. మంద ఇంటి ముందు నుంచి పోతుంటే పంచలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ముందు పోయే పొట్టేలు మెడ గంట వినబడినంతసేపు ఆయన వీపు కదల్లేదు. అది నేను చూశాను. చూసి, ‘విశ్రాంతి తీసుకుంటున్నాడు’ అనుకున్నాను. నా చదువుకు నమస్కారం.

ఆ తర్వాతి ఆరు నెలలు మా అన్న ఎలా బతికాడని ఎవరైనా అడిగితే, బతకలేదని చెబుతాను. మాత్రలు వేళకు మింగాడు. అది వదిన పుణ్యం, ఆమె ఒక్క పూట తప్పనివ్వలేదు. కానీ ఉప్పు లేని సంగటి, నూనె చుక్క లేని ఊరిబిండి పచ్చడి. చెనిక్కాయలు, అంటే వేరుశనగ, పండే నేల మీద పుట్టి, చెనిక్కాయ చట్నీ ఎదురుగా పెట్టుకుని ముట్టకుండా లేచే మనిషిని మీరు చూశారో లేదో. సగం తిని లేచేవాడు. కోపం కూడదు కాబట్టి ఆయనతో ఎవరూ ఎదురు మాట్లాడేవాళ్లు కాదు. విడపనకల్లులో రెండు గొర్రెలు జబ్బు చేసి చచ్చాయని ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఆయన వస్తే మాటలు ఆగిపోయేవి. ఒకప్పుడు మా అన్న తిట్టు మూడు గుట్టల అవతలి మందకు వినబడేది. అలాంటి మనిషిని పంచలో దేవుడి పటంలా నిలబెట్టారు. ఎవరూ ముట్టుకోరు, ఎవరూ గొడవ పడరు.

ఇంకొకటి. వదిన తన మంచం వంటింట్లోకి మార్చుకుంది. భార్యాభర్తల సంగతి ఆసుపత్రి కాగితంలో ఉంది. ఎన్నాళ్లకు మామూలుగా ఉండవచ్చో స్పష్టంగా రాశారు. సభల్లో పదిమంది ముందు శరీరం గురించి సిగ్గెందుకని గొంతు చించుకున్న నేను, ఆ వరుస దగ్గరికి వచ్చేసరికి వదిన మొహం చూడలేక పేజీ తిప్పేశాను. ఆమె చీకట్లో తనకు తోచిన నిర్ణయం తీసుకుంది. ఆ ఇద్దరి మధ్య గోడ నేను రాయకుండానే లేచింది.

రోజంతా పడుకునే మనిషికి ఒళ్లు వస్తుంది, కాళ్లు సన్నబడతాయి. దొడ్లో తొట్టిదాకా పోయి రావడానికి ఆయాసం వచ్చేది. ఆ ఆయాసం చూసి వదిన నోరు నొక్కుకునేది. “చూసినావా అప్పా, ఈడ నుంచి ఆడికే ఎట్ల రొప్పుతాండాడో. గోడ మీద రాసింది నిజమే.” నడవనందుకు వచ్చిన ఆయాసాన్ని నడవకూడదనడానికి రుజువుగా పట్టుకున్నాం. వాన కోసం కప్పలకు పెళ్లి చేసినవాళ్లను వెక్కిరించే నేను కూడా తల ఊపాను. ఒక నెలకు చూపించడానికి పోతే, డాక్టరు రెండు నిమిషాల్లో చూసి “మాత్రలు ఇవే వాడండి” అన్నాడు. ఎలా బతుకుతున్నావని అడగలేదు. మేమూ చెప్పలేదు. అది డాక్టరుకు చెప్పే సంగతి కాదనుకున్నాం.

ఆరో నెలలో మళ్లీ అనంతపురం పోయాం. వరండాలో చెక్కబల్ల మీద వంతు కోసం కూర్చున్నప్పుడు నలభై దాటిన ఒక నర్సమ్మ మా దగ్గరికి వచ్చింది. పై చదువు చదువుతున్నానని, నాళాలకు ఇలాంటి చికిత్స జరిగినవాళ్లు ఆ తర్వాత ఎలా బతుకుతున్నారో రాసుకుంటున్నానని చెప్పింది. చేతిలో గళ్లగళ్ల కాగితాలు. వయసు, చదువు, పని, నిద్ర, తిండి. గడిలో గీత పెట్టుకుంటూ పోతోంది. మనిషి బతుకును గళ్లలో కొలుస్తారా అని నాకు లోపల చిరాకు. అంతలో ఆమె ప్రశ్న వచ్చింది.

“రోజూ ఎంత దూరం నడుస్తున్నారు పెద్దాయనా?”

“దొడ్లో తొట్టిదాకా.”

“అంతేనా? ఏ పని చేసేవాళ్లు?”

“గొర్రెలు మేపుతాంటి.”

ఆమె కాగితం నుంచి తల ఎత్తింది. “మరి నడవకుండా మిమ్మల్ని ఆపుతున్నదేది? చదువుతాను, ఒకటి చెప్పండి. గుండెనొప్పి, ఆయాసం, భయం, ఇంట్లోవాళ్లు, ఇతరములు.”

మా అన్న “గోడ” అన్నాడు.

“ఇంటి ముందర గోడ అడ్డముందా?”

“అడ్డం లేదమ్మా. గోడ మీద రాసిండాది. బరువు ఎత్తగూడదు, గట్టు ఎక్కగూడదు, ఎండలో తిరగగూడదు, కోపం గూడదు. ఇంగ యాడ నడిచేది? మా తమ్ముడు రాసినాడు. ఈనే. పంతులు.”

నర్సమ్మ నన్ను చూసింది. ఫైలు అడిగి తీసుకుంది. రెండో పేజీ మీద వేలు పెట్టి చదివి, ఆ వేలు తీయకుండానే కాగితం నా వైపు తిప్పింది. “సార్, మీరు ఇంగ్లీషు చదువుతారు కదా. ఇది చదవండి.”

చదివాను. మొదటి వారం, గొట్టం పంపిన కుడిచేత్తో బరువులు ఎత్తవద్దు. మొదటిసారి చూపించుకునేదాకా మండుటెండలో తిరగవద్దు, నిటారుగా ఉన్న చోట్లు ఎక్కవద్దు. ఉప్పు, నూనె తగ్గించండి. మనసుకు ఒత్తిడి లేకుండా చూసుకోండి. వీటికి ముందే, అన్నిటికంటే పైన, లావు అక్షరాల్లో: రోజూ నడవండి, మెల్లమెల్లగా పెంచుకుంటూ పొండి, మీ పనికి తిరిగి పోవచ్చు.

ఆ పై వరుస నేను చదవలేదని అబద్ధం చెప్పను. చదివాను. ఆ రోజు కుంచె చేతిలో పట్టుకుని చదివి, ఇది కుర్చీలో కూర్చుని పొట్ట పెంచిన పట్నపోళ్ల కోసం రాసింది, పుట్టినప్పటి నుంచి నడుస్తున్న గొర్రెలకాపరికి నడవమని చెప్పడమేమిటి, అనుకుని వదిలేశాను. ‘మొదటి వారం’, ‘మొదటిసారి చూపించుకునేదాకా’ అన్న మాటలు గోడకు పొడుగయ్యాయని కోసేశాను. ‘తగ్గించండి’ని ‘ముట్టరాదు’ చేశాను, గట్టిగా ఉంటుందని. నలభై ఏళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే రాసింది.

డాక్టరు గదిలో నర్సమ్మే విషయం చెప్పింది. ఆయన గుండె పరీక్ష కాగితం చూసి, “గుండె బాగా పనిచేస్తోంది. నడవమని రాశాం కదా?” అన్నాడు విసుగ్గా. రాశారు. రాసి చేతులు దులుపుకున్నారు. నేను కూడా రాసి చేతులు దులుపుకున్నాను. ఆ గదిలో ఒకరినొకరు తప్పు పట్టగల యోగ్యత ఇద్దరికీ లేదు.

బయటికి వచ్చాక నర్సమ్మే అన్నకు నడక నేర్పింది. “నడుస్తూ మాట్లాడండి పెద్దాయనా. మాట్లాడగలిగినంతసేపు ఆ నడక మీ గుండెకు సరిపోతుంది. మాట తెగిపోతుంటే మెల్లగా నడవండి. నొప్పి వస్తే ఆగిపోయి, మా దగ్గరికి వచ్చేయండి.”

“ఒగన్నే మాట్లాడుకుంటా పోతే పిచ్చోడంటారమ్మా.”

“తమ్ముణ్ణి తోడు తీసుకుపోండి.”

“ఈనతో మాట్లాడల్లంటే తిట్లే వస్తాయి.”

“తిట్టండి. గుండెకు ఏమీ కాదు” అని ఆమె ఇంకో రోగి దగ్గరికి పోయింది.

బస్సు పామిడి దగ్గరికి వచ్చాక, కిటికీ పక్కన కూర్చున్న అన్న నా వైపు తిరిగాడు. మెల్లగా అన్నాడు. “నాకు కోపం వచ్చాండాది. రావచ్చునా? ఆ కాయితంలో సూసి చెప్పు.”

“రావచ్చు” అన్నాను.

“పూజారి చెప్పింటే నువ్వు పోయి ఆయన గొంతు పట్టుకునుంటావు. అంత్రమాయన చెప్పింటే ఊరంతా మీటింగు పెట్టింటావు. నువ్వే చెప్పినావు గదరా. నేను ఎవుర్ని పిలిపించల్ల, నీతో కొట్లాడేదానికి?”

బస్సులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

ఇంటికి పోయి చెబితే వదిన ఒప్పుకోలేదు. “అప్పుడూ నువ్వే సదివినావు. ఇప్పుడూ నువ్వే సదువుతాండావు. ఏది నమ్మల్లప్పా? గోడ మీద అయితే అట్లనే ఉండాది.” ఆమెను మూఢురాలని తిట్టడానికి నోరు రాలేదు. నేను సున్నం తెచ్చి ఐదు వరుసల మీదా కొట్టాను. ఆరగానే ఎర్ర అక్షరాలు లోపలి నుంచి కొంచెం పాలిపోయి మళ్లీ పైకి వచ్చాయి. రెండోసారి కొట్టాను. మళ్లీ వచ్చాయి. ఎనామిల్ అంటే అంతే. గీకేస్తానంటే అన్న ఒప్పుకోలేదు. “ఉండనీ. వచ్చేటోళ్లకు సూపించల్ల, మా తమ్ముడు ఎట్ల రాసినాడో.”

మరుసటి రోజు నుంచి నేను తెల్లవారుతూనే మొదటి ఆటోకు పల్లెకు పోవడం, ఇద్దరం ఊరి పక్కన పారే వంక గట్టు వైపు నడవడం. మొదటి రోజు నాలుగు ఇండ్లు దాటేసరికి అన్న చెమటలు కక్కి, రొమ్ము పట్టుకుని ఒక తిన్నె మీద కూర్చున్నాడు. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. “భయమైతాండాది. లోపల అది కదిలినట్టయితాండాది.” ఆ ఇంటామె బయటికి వచ్చి నన్ను చెడామడా తిట్టింది. “ఏమి సారూ, రాసింది నువ్వే, నడిపిస్తాండేది నువ్వే. ఆయప్పను సంపల్లనే ఉండావా?”

ఆ మాటకు మా అన్న తల ఎత్తాడు. “అడుగు, గట్టిగా అడుగు. నేను ఆర్నెల్లు అడగలేకపోతి” అని లేచి, నా వైపు తిరిగి మొదలుపెట్టాడు. చదువుకున్న గాడిద దగ్గర మొదలై, నాయన నన్ను బడిలో వేయడం దగ్గరికి పోయి, నా పెళ్లిలో నేను తాళి కట్టనని ఊరి ముందు చేసిన గోల దాకా తిట్టాడు. తిట్టుకుంటూ ఇంకో రెండు ఇండ్లు నడిచాడు. మాట తెగలేదు.

అప్పటి నుంచి మా అన్న గుండెకు కొలత ఆయన తిట్లే. మొదటి వారం తిట్టు మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగేవాడు. నెల తిరిగేసరికి వంకదాకా పూర్తి వాక్యాలు వచ్చాయి. రెండో నెలలో గట్టు ఎక్కుతూ నా ఉపన్యాసాలన్నీ ఒక్కొక్కటి తీసి, నా గొంతుతోనే వెక్కిరించాడు. ఊరివాళ్లు వాకిళ్లలో నిలబడి వినేవాళ్లు. ఉప్పు కొంచెం, నూనె కొంచెం కూరలోకి తిరిగి వచ్చాయి. చచ్చిన గొర్రెల సంగతి ఎవరో చెప్పేశారు. ఆ రోజు నాకూ, వదినకూ, ఆమె తమ్ముడికీ తిట్లు పడ్డాయి. తుమ్మినప్పుడు చేతులు రొమ్ము మీదికి పోవడం మాత్రం ఇప్పటికీ మానలేదు. వదిన మంచం వంటింట్లో నుంచి ఎప్పుడు మారిందో నాకు తెలియదు. ఈసారి సిగ్గుపడి కాదు, అడిగితే అన్న ఇంకో క్రోసెడు దూరం తిడతాడని అడగలేదు.

నర్సమ్మను ఇంకోసారి కలిసి, మంద వెంట పోవచ్చని చెప్పించుకున్నాక విడపనకల్లు పోయాం. వదిన తమ్ముడికి మందను వదలడం ఇష్టం లేదు. “బావా, నీకు గుండె ఆపరేషను అయ్యిండాది. మంద నా తాననే ఉండనీ. నువ్వు కూసోని తిను.”

“కూసోని తిని సూసినాలేప్పా ఆర్నెల్లు” అన్నాడు అన్న. పుట్టిన పిల్లల్లో సగం, పాలు కింద, బావమరిదికి విడిచాడు. అందులో మంచివి ఎంచుకోనిచ్చాడు కూడా. మిగతా మందను ట్రాలీ ఆటోల్లో వేసి పంపిస్తానని బావమరిది అంటే అన్న వద్దన్నాడు. కంబళి మడతలో మాత్రలు పెట్టుకుని, ఎండపూట చెట్ల కింద ఆగుతూ, మందను నడిపించుకుని బయలుదేరాడు. నేను మొదటి రోజు కొంత, చివరి రోజు కొంత తోడు పోయాను.

చివరి రోజు పొద్దున పెన్న దాటాలి. పామిడి దగ్గర పెన్న అంటే ఇసుక. నీళ్లు చూసి ఎన్నాళ్లయిందో. గొర్రెలు ముందు దిగాయి, వాటి వెనక అన్న. చీలమండ లోతు ఇసుకలో ప్రతి అడుగూ లాగి వేయాలి. ఆయన దోటి భుజాన వేసుకుని తిడుతూనే ఉన్నాడు. నన్ను కాదు, ఒడ్డున ఆగిపోయిన ఒక గొర్రెను. తర్వాత వదిన తమ్ముణ్ణి. తర్వాత ఆసుపత్రి బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి. నేను నడిమధ్యకు వచ్చేసరికి నా ఊపిరి అందలేదు. నా గుండెకు ఏ జబ్బూ లేదు. నలభై ఏళ్లు వేదికల మీద నిలబడి మాట్లాడానే గానీ, ఈ కొన్ని నెలలు అన్న వెంట తప్ప నడిచింది లేదు. ‘అన్నా, ఆగు’ అనాలనుకున్నాను. రెండో మాట రాలేదు.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆవలి ఒడ్డు ఇంకా చాలా దూరం ఉంది.

“ఏమప్పా పంతులూ, మాట తెగిపోతాండాదే! మెల్లగా రా. నీకూ ఒగ గోడ సూడమంటావా?”

అని, నా జవాబు కోసం ఆగకుండా మంద వెంట నడిచాడు. ఇసుకలో ఆయన అడుగులు గొర్రెల డెక్కల్లో కలిసిపోతున్నాయి. గొంతు మాత్రం, అంత దూరం నుంచి కూడా, ఒక్క మాట తెగకుండా వినబడుతూనే ఉంది.